వ్రాయుటకు విషయ మెక్కడ నున్నది?

ప్రతి సంవత్సరము పాఠశాల పత్రికకు విద్యార్థులు వ్రాసి యిచ్చు రచనలను ఒకచోట చేర్చి చదువునప్పుడు మాకొక సంగతి స్పష్టముగా కనబడుచున్నది. అక్షరదోషములు లేని వ్యాసములు అనేకము వచ్చుచున్నవి. చక్కని దస్తూరియు, పొందికైన వాక్యములును వానియందు గలవు. విషయములు మాత్రము పట్టుమని పది లేవు. సంక్రాంతి పండుగ, విద్యార్థులు–క్రమశిక్షణ, విజ్ఞానశాస్త్రము వలని లాభనష్టములు, వృక్షములు–వాని యుపయోగములు: ఈ నాలుగింటిని దాటి పోయినవారు స్వల్పము. వ్రాసినవారి పేరును కప్పి చదివినచో, ఆ వ్యాసమును హోసూరులో వ్రాసిరో, విజయవాడలో వ్రాసిరో తెలిసికొనుట దుర్లభము. కారణ మేమని యడిగిన, "క్రొత్త విషయ మేదియు తోచుట లేదండీ" అని పిల్లలు వినయముగా చెప్పుదురు.

ఇది తెలివి లేకపోవుట కాదు. అదే బాలుడు మధ్యాహ్నము అన్నము తినునప్పుడు, ఎద్దు త్రాడు తెంచుకొని సంతలో పరుగెత్తిన వైనమును తోడివారికి కన్నులకు కట్టినట్లు చెప్పును. గంట మ్రోగి వ్యాసరచన కాగితము ముందు కూర్చుండగానే ఆ యెద్దు మాయమగును. దాని స్థానమున "పశువులు మానవునకు మిక్కిలి యుపకారము చేయును" అను వాక్యము వచ్చి నిలుచును. నోటికి వచ్చిన విషయము కలమునకు ఏల రాలేదు? వ్రాతకు తగిన విషయము తన యింట లేదనియు, అది పుస్తకములలోనో మఱొక సీమలోనో ఉండుననియు అతడు నమ్మియుండుటయే దీనికి కారణము.

మన ప్రాంతపు పిల్లలలో ఈ నమ్మకము మఱింత బలముగా నాటుకొని యున్నది. ఇంటిలో తెలుగు వినబడును. బస్సు పలక మీద తమిళము కనబడును. సంతలో ఒక్కొక్క అంగడి వద్ద కన్నడము పలుకును. ఈ మూటి నడుమ పెరిగిన పిల్లలకు తెలుగు వ్యాసమనగా గోదావరి గట్టు, కోనసీమ కొబ్బరితోట, కృష్ణాతీరపు వరిచేను అను భావము కలుగుచున్నది. ఆ వర్ణనలు చదువదగినవే. కాని కోనసీమను ఎన్నడును చూడని పిల్లవాడు దానిని వర్ణించినచో, ఒకరు వర్ణించినదానిని మరల వర్ణించుట మాత్రమే యగును. తాను దినదినము చూచు రాగిచేను, గులాబితోట, దక్షిణ పినాకిని మీది వంతెన తెలుగులోనికి రాకయే పోవును.

కావున విషయములను కనుగొను పద్ధతులను గూర్చి ఈ వ్యాసమున వివరింప దలచితిమి. క్రొత్త ఆలోచన వచ్చుట కేవలము అదృష్టము మీద ఆధారపడి లేదు. ఈత, లెక్కలు, సంగీతము అభ్యసించినట్లే దానిని కూడ అభ్యసింపవచ్చును.

క్రొత్తదన మనగా నేమి?

పూర్వ మెవ్వరును ఎఱుగనిదే క్రొత్తదని మనలో పలువురు తలచుచున్నారు. సాహిత్యచరిత్ర అట్లు చెప్పుట లేదు. శ్రీకృష్ణదేవరాయల యాస్థానకవియైన అల్లసాని పెద్దన మనుచరిత్రమునకు కథను కల్పింపలేదు. అది మార్కండేయ పురాణములో ఉన్నదే. దానిని మారన అంతకు ముందే తెలుగు చేసియుండెను. సిద్ధుడు ఇచ్చిన పాదలేపనముతో ప్రవరుడు హిమాలయమునకు పోవుట, మంచులో ఆ లేపనము కరగిపోవుట, అతనికి తిరిగివచ్చు దారి లేకపోవుట అందఱెఱిగిన కథ. పెద్దన ఆ చిన్న ఉపాఖ్యానము నొద్ద నిలిచి చూచెను. ప్రవరుని యింటి తీరెట్టిది? అతిథి వచ్చినప్పుడు ఆ యింట ఏమి జరుగును? ఆ కొండ చూచువాని కెట్లు కనబడును? దారి తప్పినవాడు ఎట్లు మాటలాడును? ఈ ప్రశ్నలకు సమాధానములుగా ఆఱు ఆశ్వాసముల ప్రబంధము వెలసెను.

తంజావూరున రఘునాథ నాయకుని యాస్థానమునందలి చేమకూర వేంకటకవియు ఇట్లే భారతములోని అర్జునుని తీర్థయాత్రా కథను గ్రహించి విజయవిలాసమును రచించెను. పాతదానిని క్రొత్త దగ్గఱితనముతో చూచుట యొక మార్గము. ఒకదానికొకటి దూరమైన రెండు వస్తువులను ఒకచోట చేర్చుట మఱొక మార్గము. ఈ క్రింద చెప్పబోవు పద్ధతులన్నియు ఈ రెండింటి శాఖలే.

ముందు రాశి, పిమ్మట ఎంపిక

మొదటి పద్ధతి మేధోమథనము. దీనికి బ్రెయిన్‌స్టార్మింగ్ అను పేరు ప్రసిద్ధము. అమెరికా దేశమున ప్రకటనల వ్యాపారములో పనిచేసిన అలెక్స్ ఆస్బరన్ అను నతడు దీనిని ప్రచారము చేసి, 1953లో ప్రచురించిన అప్లైడ్ ఇమాజినేషన్ అను గ్రంథములో విపులముగా వివరించెను. ఇందలి నియమములు నాలుగు. తోచినదానిని అప్పటికప్పుడు విమర్శింపరాదు. ఎంత వింతగా తోచినను వ్రాసికొనవలెను. సంఖ్య ఎంత పెరిగిన అంత మేలు. ఒకరి యూహను మఱొకరు గ్రహించి పెంచవచ్చును.

ఇందులో ఒక సవరణ అవసరము. 1958లో యేల్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ టేలరు, అతని సహచరులు ఒక పరీక్ష జరిపిరి. నలుగురు కలిసి కూర్చుండి ఆలోచించుట ఒక వైపు, నలుగురు వేఱువేఱుగా ఆలోచించి పిమ్మట తమ యూహలను ఒకచోట చేర్చుట రెండవ వైపు పెట్టి పోల్చిచూచిరి. వేఱువేఱుగా ఆలోచించినవారికే దాదాపు రెట్టింపు ఊహలు వచ్చినవి. గుంపులో ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు ఆగవలసి వచ్చును. సిగ్గరియైన పిల్ల తన యూహను లోననే యుంచుకొనును. మొదట గట్టిగా చెప్పినవాని దారినే అందఱును పోవుదురు. కనుక తరగతిలో మొదట పది నిమిషములు ఎవరి కాగితము మీద వారు మౌనముగా వ్రాసికొనవలెను. ఆ తరువాతనే బల్ల చుట్టు చేరి కలుపుకొనవలెను.

ఉదాహరణమునకు "చింతచెట్టు" అను మాటను గైకొందము. మన జిల్లాలో దానిని చూడని పిల్లలు లేరు. ఇరువది అంశములు వ్రాయుమన్నచో మొదటి అయిదాఱు అందఱి కాగితములందు ఒకటిగనే యుండును: పులుపు, చారు, చింతచిగురు, నీడ, రాత్రివేళ దయ్యము. జ్ఞాపకము తరచుగా నడచిన బాటనే ముందు చూపును గనుక ఇట్లు జరుగును. ఇక్కడ ఆగినవారికి "వృక్షములు–వాని యుపయోగములు" తప్ప వేఱు వ్యాసము రాదు. విడువక ముందుకు సాగినచో పండ్రెండవ అంశము నుండి పట్టిక రంగు మారును. చింతపిక్కలతో ఆడు వామనగుంటలు. చింతగింజల పొడితో గంజి కాచి నేతనూలుకు పెట్టుట. చెట్టును గుత్తకు తీసికొన్నవారికిని సొంతదారునకును నడుమ జరుగు బేరము. వాకిట కూర్చుండి పెంకు కొట్టి, ఈనె తీసి, గింజ వేఱుచేయు స్త్రీలు, వారి చేతులకు అంటు నలుపు, వారి దినకూలి. బాట వెడల్పు చేయుటకై చెట్లు కొట్టివేసిన చోట ఎండలో బస్సుకై నిలుచు ముసలివారు. ఆఫ్రికాలో పుట్టిన చెట్టుకు అరబ్బులు "హిందూదేశపు ఖర్జూరము" అని అర్థమిచ్చు పేరు పెట్టిన విచిత్రము. చెట్టుకును, మనస్సులోని దిగులుకును మన భాషలో "చింత" అను ఒకటే మాట యుండుట.

ఈ చివరి యంశములలో ప్రతియొకటి ఒక వ్యాసమునకో, కథకో బీజము. అవి మొదట రాలేదన్న సంగతిని విద్యార్థులు గుర్తింపవలెను. పదవ అంశము వద్ద "ఇక లేదు" అని తోచును. ఆ చోటు దాటుటయే ఈ పద్ధతిలోని అసలు శ్రమ.

ప్రశ్నించుట, లెక్కించుట

రెండవ పద్ధతి ప్రశ్నలు వేయుట. ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లు అను ఆఱు ప్రశ్నలు వార్తలు వ్రాయువారికి సుపరిచితములు. వీనికి తోడుగా మేము ఏడవదానిని చేర్చుచున్నాము: ఎన్ని?

లెక్కకును సృజనకును సంబంధ మేమని కొందఱు ఆశ్చర్యపడవచ్చును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. ఆ ముద్రణమునకు వ్రాసిన పీఠికలో గురజాడవారు ఒక జాబితాను ప్రస్తావించిరి. విశాఖపట్టణ మండలపు సముద్రతీర ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరముల కాలమున జరిగిన శుల్కవివాహములను విజయనగర మహారాజుగారు లెక్కింపజేసిరి. వాని మొత్తము 1,034. వధువులలో అయిదేండ్ల వయస్సు గలవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఏడాది వయస్సు గలవారు ముగ్గురు. "బాల్యవివాహములు చెడ్డవి" అను వాక్యము ఎవరిని కదలింపకపోవచ్చును. "ఏడాది శిశువులు ముగ్గురు" అను లెక్క చదివినవారిని నిదురపోనీయదు. ఊరిలో అందఱు ఎఱిగియు చూడకుండ విడిచిన దానిని లెక్క ఎదుట నిలుపుచున్నది.

విద్యార్థులు ఇంత పెద్ద పని చేయనక్కఱలేదు. మీ వీథిలో ఎన్ని బావులున్నవి, వానిలో ఎన్నింట నీరున్నది? మీ తరగతిలో తాత లేక అవ్వతో కలిసి యుండు పిల్లలెందఱు? మీ యింటి నుండి పాఠశాల వరకు గల అంగళ్ళ పలకలలో ఏ భాషవి ఎన్ని, తెలుగువి ఎన్ని? ఒక ఆదివారము ఉదయము నడచి లెక్కించినచో చాలును. వచ్చిన సంఖ్య "ఎందుకిట్లు?" అను ప్రశ్నను తనతోడనే తెచ్చును. ఆ ప్రశ్నయే వ్యాసమునకు మొదటి వాక్యము.

అవధానము నేర్పు పాఠము

స్వేచ్ఛ యున్నచోట ఊహలు ఎక్కువగా వచ్చునని సామాన్యముగా తలచుదురు. మన పెద్దలు ఇందుకు విరుద్ధమైన దారిని కూడ కనిపెట్టిరి. అది అవధానము. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు తిరుపతి వేంకటకవులను పేరుతో ఊరూర, సంస్థానము సంస్థానమున అవధానములు జరిపి ఈ విద్యకు గొప్ప వ్యాప్తి తెచ్చిరి. అష్టావధానములో పృచ్ఛకులు కవిని అడుగు అంశములలో మూడు మన పనికి మిక్కిలి యుపకరించును.

మొదటిది సమస్య. అర్థము లేనట్లు గాని, అసంగతముగా గాని తోచు పద్యపాదమును పృచ్ఛకుడు ఇచ్చును; తక్కిన పాదములను కూర్చి దానిని సార్థకము చేయుట కవి పని. దీనిని వచనములో ఆడవచ్చును. "వాన బాగుగా కురిసినందున బావి పాడైపోయెను" అను వాక్యము ఇచ్చి, దీనితో ముగియునట్లు ఒక కథ వ్రాయుమనవలెను. వాన కురిసిన బావి నిండవలెను గదా యని మొదట చిక్కు తోచును. కొంత ఆలోచించినచో దారి దొరకును: వరుసగా మంచి వానలు కురిసి చెఱువు నిండెను, ఇంటింటికి కొళాయి నీరు వచ్చెను, బావి వైపు పోవువారు లేకపోయిరి, పూడిక తీయువారును లేకపోయిరి. ఎండకాలమున పదిమంది కలిసికొనిన చోటు ఇప్పుడు ముండ్లకంపలతో నిండియున్నది. అసంగతముగా తోచిన వాక్యము నుండి ఊరి మార్పును గూర్చిన కథ వెలువడెను. "నీటి ప్రాముఖ్యము" అను శీర్షిక ఇచ్చియున్నచో ఇది వచ్చెడిది కాదు.

రెండవది దత్తపది. ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇచ్చి, వానిని ఉపయోగించుచు వేఱొక విషయమును వర్ణింపుమని కోరుదురు. "టికెట్టు, సంగటి, గొళ్ళెము, చంద్రుడు" అను మాటలతో "అవ్వ ప్రయాణము" అను కథ వ్రాసిచూడుడు. గొళ్ళెము ఎక్కడిది? అవ్వ ఎవరి తలుపునకు పెట్టి బయలుదేరినది? సంగటిని మూటకట్టినది ఎవరి కొఱకు? మాటల నడుమనున్న దూరమును దాటుటకై మనస్సు వంతెన కట్టును. ఆ వంతెనయే కథ.

మూడవది నిషిద్ధాక్షరి. కవి యొక్కొక్క అక్షరము చెప్పగానే, తరువాత రావచ్చునని తోచిన అక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. కవి తెలిసిన బాట విడిచి మఱొక బాట వెదకికొనవలెను. మనము అక్షరములకు బదులు కొన్ని మాటలను నిషేధింతము: చాల, ఎంతో, అందమైన, ముఖ్యమైన, మంచి. "మా చెఱువు చాల అందముగా నుండును" అని వ్రాయుటకు ఇక వీలులేదు. అప్పుడు విద్యార్థి చెఱువును తిరిగి చూడక తప్పదు. "ఎండకాలమున నీటి నడుమ తూము రాయి పైకి తేలును, దాని మీద కొంగ యొకటి నిలుచును. శ్రావణము వచ్చుసరికి రాయియు లేదు, కొంగయు లేదు" అని వ్రాయును. ఈ వాక్యములలో చెఱువున్నది. మొదటి వాక్యములో మాట మాత్రమే యున్నది.

రెండు భాషల నడుమ

ఇంతవరకు చెప్పినవి ఏ యూరి పిల్లలకైనను పనికివచ్చును. నాలుగవ పద్ధతి మాత్రము మనవంటివారికి ప్రత్యేకముగా అబ్బిన సొత్తు. అది పోల్చిచూచుట.

ఒకే భాష నడుమ పెరిగినవారికి మాటలు గాలివలె కనబడవు. రెండు మూడు భాషల నడుమ పెరిగినవారికి ప్రతి మాటయు తన యాకారముతో కనబడును. మనకు "అవసరము" అనగా కావలసియుండుట; తమిళమునను కన్నడమునను అదే మాటకు తొందర యని యర్థము. కన్నడమున "కాదంబరి" యనగా నవల. మనకది బాణభట్టుని గ్రంథము పేరు. మనము "ఉపన్యాసము" అని సభలో ప్రసంగమును చెప్పుదుము. ఒడియా మాటలాడు చోట అది నవల యగును. మనకు "శిక్ష" దండనము. ఒడియాలో అది చదువు. బరంపురములోని తెలుగు పిల్లవాడు "నాకు మంచి శిక్ష దొరకినది" అని సంతోషముతో చెప్పగా, ఆంధ్రదేశము నుండి వచ్చిన బంధువు కలవరపడినట్లు ఒక హాస్యకథను ఎవరైనను వ్రాయవచ్చును. షోలాపురపు నేతవాడలో మరాఠీతో కలిసిన తెలుగునకును, యానాములో ఫ్రెంచి కాలపు మాటలు కలిసిన తెలుగునకును ఇట్టి కథలు ఎన్నియో ఉండును.

ఈ విధముగా పొరుగుమాటను చెవియొగ్గి వినుట ఎంత దూరము తీసికొనిపోవునో గిడుగు రామమూర్తిగారి జీవితము చూపుచున్నది. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. 1936లో ఒడిషా ఏర్పడినప్పుడు ఆ యూరు అందులో చేరినది. చుట్టునున్న కొండలలోని సవరల భాషను పండితు లెవ్వరును పట్టించుకొనని కాలమున ఆయన దానిని నేర్చుకొని, సవరపిల్లల కొఱకు పాఠములు సిద్ధపఱచిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. మాటలాడు భాషకు గౌరవము కలదను సత్యమును తెలుగు విషయమున గూడ ఆయనయే గట్టిగా వాదించిరి. ఆయన పుట్టినదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

మఱొక ఉదాహరణమును మన తమిళనాడు నుండియే చెప్పవలసియున్నది. కోవిల్పట్టికి సమీపమున ఇడైసెవల్ అను గ్రామమున తెలుగు మాతృభాషగా గల కుటుంబములో జన్మించిన కి. రాజనారాయణన్ తమ పూర్వులు ఉత్తరము నుండి దక్షిణమునకు వలసవచ్చిన కథలను పెద్దల నోట విని పెరిగిరి. ఆ కథలే 1976లో "గోపల్ల గ్రామము" అను నవలయైనవి. దాని కొనసాగింపైన నవలకు 1991లో సాహిత్య అకాడమి పురస్కారము లభించెను. ఆయన తమ కరిసల్ సీమ పలుకుబడులకు నిఘంటువును గూడ కూర్చిరి. 2021లో వారు దివంగతులైరి. ఆ నవలలను ఆయన తమిళమున వ్రాసిరి. తమిళ పాఠకులు వానిని తమవిగా ఆదరించిరి. ఇది మనకు సంతోషకరమైన విషయము. దానితోపాటు ఒక ప్రశ్నయు మన ముందు నిలుచుచున్నది. అట్టి వలసకథలు హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్ళారి, మదురై ప్రాంతపు తెలుగు ఇండ్లలో ఇంకను ఎన్నో గలవు. వానిని విన్న పిల్లలు తెలుగులో చదువుకొనుచున్నారు. వారు వ్రాయనిచో వానిని తెలుగున ఎవరు వ్రాయుదురు?

మాగనిచ్చుట, ఏరుకొనుట

విషయములు రాశిగా వచ్చిన వెంటనే వ్రాయుటకు తొందరపడరాదు. గ్రాహం వాలస్ అను ఆంగ్లేయుడు 1926లో ప్రచురించిన గ్రంథమున ఆలోచన నాలుగు దశలలో పండునని చెప్పెను: సామగ్రిని కూర్చుకొనుట, లోపల మాగనిచ్చుట, మెఱుపువలె తోచుట, తోచినదానిని సరిచూచుట. రెండవ దశలో మనస్సు వేఱు పనిలో ఉన్నట్లే యుండును. లోపల పని సాగుచుండును. కావున పట్టికను వ్రాసి రెండు దినములు విడిచియుంచుడు. చిన్న పుస్తక మొకటి జేబులో ఉంచుకొనుడు. బస్సులోనో, పశువులకు నీరు పెట్టునప్పుడో తోచినదానిని అందులో వ్రాసికొనుడు. ఇంటికి పోయిన పిమ్మట వ్రాయుదమన్న అది నిలువదు.

ఏరుకొనునప్పుడు మూడు ప్రశ్నలు చాలును. దీనిలో నా కన్నుతో చూచినది, నా చెవితో విన్నది ఎంత? ఇంకను తెలిసికొనుటకు అడుగదగినవారు దగ్గఱ నున్నారా? దీనిని వ్రాసినచో ఎవరికైనను నొప్పి కలుగునా? మూడవ ప్రశ్నను మఱవరాదు. ఇరుగుపొరుగువారి కష్టమును పేరుతో సహా అచ్చు వేయుట క్రొత్తదనము కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగు మాధ్యమమున బిడ్డను చదివించిన ఏమి ప్రయోజనమని బంధువులు అడుగుచుండుటయు, ఆ ప్రశ్న మీ మనస్సులను కలచుచుండుటయు మేమెఱుగుదుము. ఉద్యోగములను గూర్చిన సమాధానము ఈ వ్యాసమునకు మించినది. కాని ఒకటి చెప్పగలము. తన యింటి భాషలో తాను చూచినదానిని చూచినట్లు వ్రాయగలిగిన పిల్లకు, తరువాత ఏ భాష నేర్చినను అందులో చెప్పుటకు సొంత విషయ ముండును. ఇతరుల వ్యాసమును కంఠస్థము చేసిన పిల్ల ఎన్ని భాషలు నేర్చినను ఎరవు సొమ్ముతోనే నడచును.

ఇందుకు మీ సాయము వలయును. వ్యాసమును మీరు వ్రాసి యీయవలదు. పిల్లలు ప్రశ్నలతో వచ్చినప్పుడు "పనికిమాలిన ప్రశ్న" యని త్రోసివేయక సమాధానము చెప్పుడు. మీ పొలములకు గల పేర్లు, ఆ పేర్లు వచ్చిన కారణము, మీ అవ్వ పాడిన జోలపాట, మీ పెద్దలు ఏ యూరి నుండి వచ్చిరని ఇంట చెప్పుకొందురో ఆ కథ: ఇవి ఏ పుస్తకమునను దొరకవు. ఇంటి మాటలను గూర్చి పిల్లలు సిగ్గుపడకుండునట్లు చూడుడు. "ఈపొద్దు", "యాడికి", "తావు" అను మాటలు తప్పులు కావు. అవి మన సీమ పలుకులు. కథలో అవ్వ మాటలాడునప్పుడు అవ్వ మాటలాడినట్లే వ్రాయవచ్చునని మేము తరగతిలో చెప్పుచున్నాము. ఇంటను ఆ మాటయే వినబడిన పిల్లలకు ధైర్యము కలుగును. ఒక వృద్ధురాలు మన నడుమ నుండి వెడలిపోయినప్పుడు, వ్రాయబడని మాటలును ఆమెతోనే పోవుచున్నవి. వానిని కాగితము మీదికి తేగలవారు ఇప్పుడు ఈ తరగతులలో కూర్చున్న పిల్లలే.

విద్యార్థులారా! రాబోవు సంచిక కొఱకు ఈ యభ్యాసమును చేయుడు. మీ యింటిలోనో, వీథిలోనో కనబడు ఒక్క వస్తువు పేరు కాగితము మీద వ్రాయుడు: తిరుగలి, గొడ్డలి, రోలు, సైకిలు, కొళాయి, ఏదైనను సరే. దానిని గూర్చి ఇరువది అంశములు ఒంటరిగా కూర్చుండి వ్రాయుడు. మొదటి ఎనిమిదింటిని కొట్టివేయుడు. మిగిలినవానిలో ఒకదానిని ఎన్నుకొని, ఇంటి పెద్దలను మూడు ప్రశ్నలడిగి, రెండు పుటలకు మించకుండ వ్రాసి తెండు. కొట్టివేసిన పట్టికను గూడ జతపఱచుడు. ఎక్కడ బాట మలుపు తిరిగినదో దానివలన మీకును మాకును తెలియును. వచ్చినవానిలో బాగుగా నున్నవానిని పత్రికలో ప్రచురింతుము. తక్కినవానిని తరగతిలో చదివి చర్చింతుము.